గీతకు అవతల ఊయల

కిర్గిజ్ విమానాశ్రయంలో కిటికీ వెనక కూర్చున్న ఎర్మెక్ హోసియత్ పాస్‌పోర్టు తెరవకుండానే పక్కన పెట్టాడు. అట్ట చూశాడు, అంతే. ఆ ఒక్క చేష్టతో హోసియత్‌కు సగం సంగతి అర్థమైంది. అరవై రెండేళ్ళ బతుకులో మనుషులు ఆమెను రకరకాలుగా పక్కన పెట్టారు గానీ ఇంత మెత్తగా, రెండు వేళ్ళతో ఎవరూ పెట్టలేదు.

"పెద్దమ్మా, కాస్త పక్కకు నిలబడండి. వెనకాలవాళ్ళను రానివ్వండి."

"ఎందుకు నాయనా? నా వంతే కదా?"

"మీ వంతే. మీ దేశం వంతు కాదు ఇవాళ."

నలభై ఏళ్ళుంటాయి అతనికి. ఎటూ చూడకుండా మాట్లాడటం అలవాటైన మనిషి. హోసియత్ పక్కకు జరగలేదు. ఇస్ఫారా సంతలో ముప్ఫై ఏళ్ళు ఎండు ఆప్రికాట్లు అమ్మిన మనిషికి కిర్గిజ్ మాట కొత్తేమీ కాదు. సరిహద్దు ఏటికి అవతలి గట్టువాళ్ళతో బేరాలాడీ ఆడీ నాలుక దానికి అలవాటు పడిపోయింది.

"ఇవాళేమైంది?"

"మీకు తెలీదా? కాలువ దగ్గర మూడు రోజులుగా కాల్పులు. పొద్దున పదింటికి ఆర్డరొచ్చింది. మీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళెవరూ గీత దాటకూడదు."

"నా విమానం తొమ్మిదిన్నరకే బయల్దేరింది. అప్పుడు మామూలు మనిషినే. గాల్లో ఉండగా ఏమైపోయాను?"

"నేనేమీ అనలేదమ్మా. కాగితం అంటోంది."

"నేను మీ దేశంలో ఉండటానికి రాలేదు. ఓమ్స్క్ పోతున్నాను, కూతురి దగ్గరికి. మూడూ నలభైకి విమానం."

ఎర్మెక్ ముఖం కాస్త తేలికపడింది. "అదేదో ముందే చెప్పొచ్చుగా! అయితే గీత దాటే పనేముంది? అదిగో, ఆ ఎడమ తలుపులోంచి పోతే విమానం మారే ప్రయాణికుల హాలు. ఎయిర్‌లైన్స్ అమ్మాయి అక్కడే పాసు రాసిస్తుంది."

"నా ఊయల లోపలుంది."

అల్లుడు టికెట్లు రెండూ వేరువేరు కంపెనీల దగ్గర కొన్నాడు, చవగ్గా వస్తాయని. అలా కొన్నవాళ్ళు ఇక్కడ ముద్ర వేయించుకుని, లోపలికి పోయి, తమ సామాను తామే తీసుకుని మళ్ళీ అప్పగించాలి. నిన్నటిదాకా అది పది నిమిషాల పని. ఆ పది నిమిషాల దారి ఇప్పుడు, నేల మీద గీసిన పచ్చరంగు గీత దగ్గర తెగిపోయింది.

గీతకు అవతల గాజు గోడ, దాని వెనక సామాన్ల బెల్టు. దాని మీద ఊయల వస్తోంది.

మల్బరీ కర్రతో చేసింది. ఎర్రరంగు చాలాచోట్ల రాలిపోయింది. అడుగున రెండు వంపు చెక్కలు, పైన పట్టుకోవడానికి నున్నటి కమ్మి. వాళ్ళ ఇంట్లో పదకొండుమంది పిల్లలు అందులో పెరిగారు, హోసియత్ కూడా. రెండు బొంతలు చుట్టి పంపింది దాన్ని. ఖాళీగా పంపకూడదు కాబట్టి లోపల ఒక గుండ్రటి రొట్టెను గుడ్డలో చుట్టి, బిడ్డను కట్టినట్టే పట్టీలతో కట్టింది. కాల్పులు మొదలయ్యాక ఆమె వైపు నుంచి వచ్చే ప్రతి మూటా విప్పి చూస్తున్నారు. బొంతలు ఇప్పుడు ఊయల మీద ముద్దగా పడి ఉన్నాయి. రొట్టె లేదు. పట్టీలు రెండు పక్కలా వేలాడుతున్నాయి.

బెల్టు మలుపు తిరిగే చోట ఊయల ఒరిగి, నిలదొక్కుకుని, తనంతట తాను ఊగింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

హోసియత్ లెక్కపెట్టింది.

ఖాళీ ఊయల ఊపకూడదని ఏ బిడ్డకైనా నడక రాకముందే నేర్పుతారు వాళ్ళ ఇళ్ళల్లో. హోసియత్‌కు ఆ మాట తెలియక కాదు. రెండేళ్ళ కిందట కూతురు ముయస్సర్ మొదటిసారి నెలలు నిండి ఉన్నప్పుడు, అల్లుడు సరదాపడి బజార్లో కొత్త ఊయల కొన్నాడు. హోసియత్ దాని పక్కనే కూర్చుని టోపీ కుడుతోంది. ఏదో ఆలోచనలో పడింది. చేతిలో సూది ఆగాక చూసుకుంటే కుడిపాదం ఊయలను ఊపుతోంది. ఎంతసేపట్నుంచో తెలియదు. పాదం లాక్కుని, మొట్టమొదట చేసిన పని, ఎవరైనా చూశారా అని తలుపు వంక చూడటం. ఎవరూ చూడలేదు. పదకొండు రోజుల తర్వాత బిడ్డ ఊపిరి లేకుండా పుట్టింది. డాక్టరు బొడ్డుతాడు చుట్టుకుందన్నాడు. హోసియత్ తన పాదం వంక చూసుకుంది.

ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పని మాట లోపల అరిగిపోతుందనుకుంది. అరగలేదు. ఏ నొప్పీ లేకపోయినా కుడికాలు ఈడుస్తూ నడవటం మొదలుపెట్టిందని ముయస్సరే ఓసారి అడిగింది.

ఇప్పుడు మనవడు పుట్టి ముప్ఫై ఎనిమిది రోజులు. నలభై దాటకముందే బిడ్డను అమ్మమ్మ చేత్తో ఊయలలో వేయాలి. "నువ్వొచ్చేదాకా వీణ్ణి ఏ ఊయలలోనూ వెయ్యను. నీ చెయ్యి మంచిది" అంది ముయస్సర్ ఫోన్‌లో. చెయ్యి సంగతి సరే.

"బెల్టు ఆపించు" అంది హోసియత్.

"అమ్మా, నేను పాస్‌పోర్టులు చూసేవాణ్ణి. బెల్టు నా చేతిలో లేదు."

"ఊరికే అటు తిరిగి చూడు నాయనా. ఖాళీ ఊయల ఊగుతోంది."

ఎర్మెక్ కుర్చీలో వెనక్కి తిరిగాడు. ఊయల రెండో చుట్టు వస్తోంది. అతని మెడ బిగుసుకోవడం హోసియత్ చూసింది. వెనక వరసలో నిలబడ్డ గడ్డం పెద్దాయన ఎవరో "తప్పు, తప్పు" అని గొణిగాడు. ఎర్మెక్ ఫోనెత్తాడు.

"బూరుల్ అపా, రెండో బెల్టు ఆపండి. అవును, ఊయలే. ఖాళీది... ఎవరు విప్పారో నాకేం తెలుసు? ముందు ఆపండి, తర్వాత తిట్టుకుందాం."

బెల్టు ఆగింది. అవతల ఎవరో సామానుకోసం కేకలేశారు. హోసియత్ కూర్చోలేదు. కూర్చుంటే లేవమని పంపించేస్తారని ఆమె భయం.

కాసేపటికి బూరుల్ వచ్చింది. సామాన్ల విభాగం పెద్ద ఆమె. పొట్టిగా, బలంగా, నడుముకు తాళాల గుత్తితో. గీత దగ్గరికొచ్చి, తన బూటు దాని మీద పడకుండా సరిగ్గా ఆనించి నిలబడింది.

"నీదేనా? ఊయలను ఉత్తది పంపే తెలివి ఎవరిచ్చారమ్మా నీకు?"

"ఉత్తది పంపలేదు. రొట్టె కట్టి పంపాను. మీవాళ్ళే తీశారు."

"బాంబనుకున్నారేమో."

"నా రొట్టె గట్టిదే. అంత గట్టిది మాత్రం కాదు."

బూరుల్ నవ్వబోయి ఆపుకుంది. "చూడు. సామాను మళ్ళీ ఎక్కించాలంటే యజమాని గీత దాటొచ్చి, కస్టమ్స్ ముందు సంతకం పెట్టాలి. ఇవాళ నీలాంటి యజమాని గీత దాటకూడదు. ఒక రూలు ఒక గదిలో రాశారు, ఇంకోటి ఇంకో గదిలో. రాసినవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. నేనేం చెయ్యను?"

"ఏం చెయ్యగలవు?"

"రెండు. సాయంత్రం మీ ఊరి విమానం వెనక్కి పోతుంది. నిన్నూ, ఊయలనూ అందులో ఎక్కిస్తాను. సంతకం అక్కర్లేదు. లేదా ఊయల నా స్టోరులో ఉంటుంది, నువ్వు ఓమ్స్క్ పో. గొడవలు సద్దుమణిగాక తీసుకుందువు గానీ."

"గొడవలు ఎల్లుండికి సద్దుమణుగుతాయా?"

"గొడవలు నన్నడిగి మొదలు కాలేదు, పెద్దమ్మా."

"మూడోది చెప్పు."

"మూడోది లేదు."

"ఉంది. లేనిదాని గురించి మనిషి తాళాలు ఆడించుకుంటూ ఆలోచించదు."

బూరుల్ తన చేతి వంక చూసుకుని గుత్తి వదిలేసింది. గొంతు తగ్గించింది. "చంటిబిడ్డ ఉన్నవాళ్ళకు వేరే పద్ధతుంది. బిడ్డ బండీ, ఊయలా సామాను కిందికి రావు. వాటిని నేనే విమానం ఎక్కే హాలుకు తెచ్చి తల్లి చేతికిస్తాను. కస్టమ్స్ లేదు, గీత లేదు. కానీ దానికి బిడ్డ ఉండాలి. నీ దగ్గర బిడ్డేదీ?"

"ఓమ్స్క్‌లో ఉన్నాడు."

"అక్కడున్నవాడు ఇక్కడ చెల్లడు. అదే విమానంలో పోతున్న బిడ్డ కావాలి. తల్లి తన పేరుమీద రాయించుకోవాలి. అబద్ధం రాయను నేను. బిడ్డ దాంట్లో పడుకోవాలి, నా కళ్ళతో చూడాలి. మూడింటికల్లా చెప్పు." వెళ్ళబోతూ ఆగింది. "ఈలోపు అందులో నా కోటు వేసి ఉంచుతాలే."

హాలులో గడియారం ఒకటిన్నర చూపిస్తోంది. పాసు రాయించుకుని హోసియత్ వరసలన్నీ తిరిగింది. ఒకడు నాలుగేళ్ళవాడు, ఐస్‌క్రీము తింటున్నాడు. ఇంకో బిడ్డ తల్లిదండ్రులు వేరే విమానానికి పోతున్నారు. చివరి వరసలో కిటికీ పక్కన ఒక అమ్మాయి, ఐదారు నెలల బిడ్డను భుజాన వేసుకుని అటూ ఇటూ నడుస్తోంది. కూర్చుంటే బిడ్డ ఏడుస్తాడు. నడిస్తే మూలుగుతాడు. అమ్మాయి కళ్ళ కింద నల్లగా ఉంది. పాసు మీద ఓమ్స్క్ అని ఉంది.

హోసియత్ చెప్పింది. తొందరపడకుండా, సరుకు నాణ్యత చెప్పినట్టు, మొదటినుంచీ చెప్పింది. అమ్మాయి పేరు ఆయ్‌పెరి. సగంలోనే నడక ఆపేసింది.

"మీరు ఏటికి ఆ గట్టువాళ్ళు కదూ? మాట తెలుస్తోంది."

"ఆ గట్టే. నువ్వు ఈ గట్టా?"

"బాత్కెన్ దగ్గర. మా అన్న కాల్లో మీవాళ్ళ గుండు దిగింది. నిన్ననే తీశారు. నన్నొచ్చి ఊయల అడుగుతున్నారా మీరు?"

"మా చెల్లెలి ఇంటికి పైకప్పు లేదు. మీవాళ్ళు తగలబెట్టారు. నేనడిగేది నిన్ను కాదమ్మా, నీ కొడుకుని. వాడింకా ఎవరి మనిషీ కాలేదు."

"వాడు మా మనిషే" అంది ఆయ్‌పెరి. బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుని మళ్ళీ నడక మొదలుపెట్టింది.

హోసియత్ ఆమె పక్కనే నడిచింది. ఆ చివరిదాకా, మళ్ళీ ఈ చివరిదాకా. బతిమాలితే ఈ పిల్ల ఇంకా గట్టిపడుతుందని ఆమెకు తెలుసు. తాను కూడా అంతే. నాలుగోసారి తిరిగేటప్పుడు ఆయ్‌పెరే విసుక్కుంది.

"ఎందుకంత పట్టు? ఊయల లేకపోతే మీ మనవడు పెరగడా? ఓమ్స్క్‌లో కొట్లు లేవా?"

అప్పుడు హోసియత్ చెప్పింది. చెప్పాలనుకుని చెప్పలేదు. రెండేళ్ళు కూతురికీ, మొగుడికీ, నమాజులో తలవంచినప్పుడు దేవుడికీ చెప్పని మాట, ఒక పరాయి పిల్లకు, అదీ కోపంగా ఉన్న పిల్లకు, నడుస్తూ చెప్పేసింది. టోపీ, సూది, కుడిపాదం, తలుపు వంక చూడటం. పదకొండు రోజులు.

ఆయ్‌పెరి నిలబడిపోయింది.

"చచ్చిపోతారా? ఖాళీ ఊయల ఊపితే?"

"నీకు తెలీదా?"

"మా గట్టున కడుపునొప్పి వస్తుందంటారు. బిడ్డకి. అంతే. మా నాయనమ్మ వాము నీళ్ళు తాగించేది."

"కడుపునొప్పా?"

"కడుపునొప్పే. చిన్నప్పుడు నేనెన్నిసార్లు ఊపానో. మా తమ్ముడికి ఎప్పుడూ కడుపునొప్పే. నన్ను తన్నేవాళ్ళు."

హోసియత్‌కు ముందు వచ్చింది కోపం. తన బాధను ఎవరో తీసుకుని వాము నీళ్ళంత చేసేశారన్న కోపం. రెండేళ్ళు మోసిన బరువు. ఏటికి అవతల, అదే కాలువ నీళ్ళు తాగే ఊళ్ళో, అది గుక్కెడు నీళ్ళతో పోయే నొప్పా? ఆ నీళ్ళ మీది చెక్క వంతెన దాటడానికి ఎంతసేపు పడుతుందో ఆమెకు బాగా తెలుసు. వంతెన ఆ చివర తప్పు, ఈ చివర హత్య. ఆ శిక్ష ఎవరు వేశారో మొదటిసారిగా ఆలోచించింది. ఎవరూ వేయలేదు. తనే వేసుకుంది. వేసుకుంటే దుఃఖానికి ఒక కారణం దొరుకుతుంది. కారణం లేని దుఃఖం కంటే తన పాదమే నయమనిపించింది కాబోలు.

ఇది ఊరటా కాదా అన్నది ఆమెకు తేలలేదు. ఊయల కావాలన్నది మాత్రం కొంచెం కూడా తగ్గలేదు. అదే ఆమెను ఆశ్చర్యపరిచింది. భయం సడలినా పట్టు అలాగే ఉంది. ముయస్సర్ ఎదురు చూస్తోంది, అది చాలు.

"నీ కొడుకు ఎన్ని రాత్రులైంది పడుకుని?" అని అడిగింది.

ఆయ్‌పెరి బిడ్డను మళ్ళీ భుజం మార్చుకుంది. "మూడు. ఊరు ఖాళీ చేయించినప్పుడు ఊయల వదిలేసి వచ్చాం. ఊయల లేకపోతే వీడికి నిద్ర పట్టదు. నేను... నాకు నిలబడితేనే కళ్ళు తిరుగుతున్నాయి అపా."

ఇంట్లో పెద్ద ఆడవాళ్ళను పిలిచినట్టు అపా అన్నానని ఆ పిల్ల గమనించలేదు. హోసియత్ గమనించింది గానీ ఏమీ అనలేదు. ఆ మాటను పట్టుకుంటే అది జారిపోతుంది.

మా రక్తం కాని బిడ్డ ఈ ఊయలలో పడుకోకూడదని హోసియత్ తల్లి అనేది. పదకొండుమందీ ఆ ఇంటివాళ్ళే. దిష్టి తగులుతుందనేది. హోసియత్ తల్లి మాటను ఒకసారి తలుచుకుని, పక్కన పెట్టింది. మెత్తగా, రెండు వేళ్ళతో.

"రా. రాయిద్దాం."

రెండుంపావుకు బూరుల్ ఊయలను తానే మోసుకొచ్చింది. కోటు తీసేసుకుని, ఆయ్‌పెరి చేత సంతకం పెట్టించి, "కానివ్వండి. నేను చూడాలన్నాను" అని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. హోసియత్ బొంత పరిచింది. ఆయ్‌పెరి బిడ్డను పడుకోబెట్టింది. పట్టీల దగ్గర ఇద్దరి చేతులూ అడ్డం పడ్డాయి.

"అలా కాదు, చేతులు లోపల పెట్టి కట్టాలి."

"మేం ఒక చెయ్యి బయటికే ఉంచుతాం."

"బయటుంటే ఉలిక్కిపడతాడు."

"ఉలిక్కిపడటం వాడిష్టం."

"ఒరేయ్ అబ్బాయి, నువ్వే చెప్పరా, ఏ గట్టు పద్ధతి కావాలి నీకు?" అంది బూరుల్. బిడ్డ పెద్దగా ఆవలించాడు. ఒక చెయ్యి బయటే ఉండిపోయింది.

బెంచీ మీద కూర్చున్న ఐదు నిమిషాలకు ఆయ్‌పెరి మెడ వాలిపోయింది. బిడ్డ కదిలాడు, మూలిగాడు. ఊపాలి. హోసియత్ వంగి పై కమ్మి పట్టుకుని చేత్తో ఊపింది. నడుం పట్టేసింది. మరికాసేపు చూసింది. తర్వాత చెప్పు విడిచి, కుడిపాదాన్ని వంపు చెక్క మీద ఆనించింది. బిడ్డ బరువు పాదానికి తెలిసింది. ఖాళీ ఊయల తేలిగ్గా, ఆత్రంగా ఊగుతుంది. ఇది అలా కాదు, నింపాదిగా పోయి నింపాదిగా వచ్చింది. అరగంటకు పైగా ఊపింది. ఈలోగా ఎర్మెక్ టీ తాగడానికి అటుగా వెళ్తూ ఊయలలోకి తొంగిచూసి, ఏమీ ఎరగనివాడిలా వెళ్ళిపోయాడు.

విమానం ద్వారం దగ్గర యూనిఫాం వేసుకున్న కుర్రది చెప్పింది: "బిడ్డను తీసుకోండి. ఊయల కింద సామాన్ల అరలోకి పోతుంది. ఓమ్స్క్‌లో దిగగానే ద్వారం దగ్గరే ఇస్తారు."

ఆయ్‌పెరి బిడ్డను ఎత్తుకుంది. ఊయల మళ్ళీ ఖాళీ అయింది. లిఫ్టు దగ్గర పనివాడు చేతులు చాపాడు. హోసియత్ కమ్మి వదల్లేదు.

"ఒక్క నిమిషం బాబూ."

"వెనకాల జనం ఉన్నారమ్మా!"

"ఉండనీ. ఇవాళ పొద్దున్నుంచి నేనే అందరికీ వెనకాల ఉన్నాను. ఒక నిమిషం ముందుంటాను."

ఏం కట్టాలి? శాలువా కట్టొచ్చు. కానీ కావాల్సింది బరువు కాదు, బిడ్డ జాడ అని ఆమెకు ఇప్పుడు తెలుసు. తలగుడ్డ సర్దుకుంటూ ఆలోచిస్తుండగా ఆయ్‌పెరి, నిద్రమత్తులోనే, బిడ్డ చొక్కా విప్పి చాపింది. "ఇది కట్టండి. పాలు కక్కాడు. ఉతకలేదు."

"ఉతక్కపోవడమే మంచిది."

చొక్కాను బొంత మధ్యలో పరిచి, పట్టీలు దాని మీదుగా లాగి ముడి వేసింది. బిడ్డను కట్టినంత గట్టిగా. పనివాడు ఊయలను లిఫ్టులో దించాడు. అది కదలకుండా దిగింది. విమానం పొట్టలోకి పోయేదాకా హోసియత్ ద్వారంలోనే నిలబడి కిందికి చూసింది. కుర్రది రెండుసార్లు పిలిచింది.

రేపు సాయంత్రం బిడ్డను ఊయలలో వెయ్యాలి. అంతకంటే ముందు ముయస్సర్‌ను కూర్చోబెట్టి ఆ టోపీ, ఆ పాదం సంగతి చెప్పాలి. అన్నీ విన్నాక కూడా నీ చేత్తోనే వెయ్యమని కూతురంటే వేస్తుంది. వద్దంటే పక్కన నిలబడి బొంత అందిస్తుంది. ఈ రెండూ ఆలోచించి చూసుకుంది, రెండూ చెయ్యగలననిపించింది.

"నీ కొడుకు పేరేంటమ్మాయ్?" అని వెనక్కి తిరిగి అడిగింది. "చొక్కా ఎవరిదని మా పిల్ల అడుగుతుంది."

"ఎల్దియార్."

"ఎల్దియార్" అని ఒకసారి అనుకుని, నోటికి పట్టిందో లేదో చూసుకుని, హోసియత్ లోపలికి అడుగు పెట్టింది.